క్షయ, యంత్రశ్వాస, అకాలమృత్యువు

ఆయువు పుట్టుకతోనే కొలిచి ఇచ్చినదా, లేక మనుషుల నడవడినిబట్టి, చుట్టూ ఉన్నవారి శ్రద్ధనుబట్టి పెరుగుతూ తరుగుతూ పోయేదా అన్న ప్రశ్నను భారతీయ చింతనలో వేదాంతుల కంటె వైద్యులే నిక్కచ్చిగా చర్చించారు. వారికి అది తీరికవేళ వాదం కాదు. రోగి ఎదుట ఉన్నప్పుడు మందు ఇవ్వాలా మానాలా అన్నది దాని జవాబు మీదనే ఆధారపడేది. ఆ ప్రశ్న ఇవాళ మళ్ళీ లేస్తున్న చోటు ఆస్పత్రిలోని ఇంటెన్సివ్ కేర్ విభాగం. అందులోనూ క్షయవల్ల ఊపిరితిత్తులు పనిచేయడం మానేసిన రోగి మంచం పక్కన అది మరీ చిక్కుగా ఎదురవుతుంది. క్షయ సాధారణంగా ఆరు నెలల మందులతో నయమయ్యే జబ్బు. అయినా వెంటిలేటర్ దాకా వచ్చిన క్షయరోగుల్లో, చాలా ఆస్పత్రుల అనుభవంలో, సగం మందో అంతకు మించో మరణిస్తున్నారు. నయం కావలసిన జబ్బుతో మనిషి పోతే దాన్ని రాత అనవచ్చునా అన్నదే ఇక్కడి విచారణ.

దేహంలో జరిగేదేమిటో ముందుగా చూడాలి. ఊపిరితిత్తుల్లో గాలిగొట్టాల చివర కోట్లాది వాయుగోణులు, అంటే అతి పలచని గోడలున్న గాలి తిత్తులు ఉంటాయి. పీల్చిన గాలిలోని ఆక్సిజన్ ఆ గోడలు దాటి రక్తంలో కలుస్తుంది. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కోఖ్ లోకానికి ప్రకటించిన క్షయ క్రిమి పెద్దవారిలో చాలాసార్లు ఊపిరితిత్తి పైభాగాన చేరి నెమ్మదిగా తన పని తాను చేసుకుపోతుంది. కొందరిలో మాత్రం అది రక్తంలో పడి, చిరుధాన్యపు గింజలంత మచ్చలుగా రెండు ఊపిరితిత్తుల నిండా పరచుకుంటుంది. దీనిని మిలియరీ క్షయ అంటారు. మరికొందరిలో న్యుమోనియాలాగా ఒక్కసారిగా అలముకుంటుంది. ఇంకొందరిలో ఏళ్ళ తరబడి సగం సగం వాడి వదిలేసిన మందుల తర్వాత ఊపిరితిత్తి గుల్లలు పడి, పీచుకట్టి, పనికివచ్చే భాగం మిగలకుండా పోతుంది. మిలియరీ, న్యుమోనియా తరహాల్లో వాయుగోణుల గోడలు వాచి, లోపల నీరు ఊరి, గాలి వెళుతున్నా ఆక్సిజన్ రక్తంలోకి దాటని స్థితి రావచ్చు. 1967లో తొలిసారిగా ఒక ప్రత్యేక స్థితిగా వర్ణితమైన దీనికే వైద్యులు ఏఆర్‌డీఎస్ అని పేరు పెట్టారు. ధమని రక్తంలోని ఆక్సిజన్ పీడనాన్ని, పీల్చే గాలిలోని ఆక్సిజన్ వంతుతో భాగిస్తే వచ్చే సంఖ్య ఆరోగ్యవంతుల్లో 400 దాటి ఉంటుంది. 2012 నాటి నిర్వచనం ప్రకారం అది 100కు గాని అంతకంటె దిగువకు గాని పడిపోతే ఊపిరితిత్తుల వైఫల్యం తీవ్రమైనట్టు లెక్క.

ఆ స్థితిలో చేసే వైద్యంలో ఎక్కువ భాగం ఊపిరితిత్తిని బాగుచేసేది కాదు, అది తనంత తాను బాగుపడేదాకా మనిషిని నిలబెట్టి ఉంచేది. గొంతులో గొట్టం వేసి, మత్తు ఇచ్చి, యంత్రంతో గాలి పంపుతారు; ఎక్కువ గాలి కొడితే వాచిన తిత్తులు చిరుగుతాయి కనుక ఒక్కో శ్వాసకు, రోగి ఎత్తునుబట్టి లెక్కగట్టిన బరువులో కిలోకు 6 మిల్లీలీటర్ల చొప్పున మాత్రమే పంపుతారు. ఇలా తక్కువ గాలి పంపినవారిలో మరణాలు సుమారు 40 శాతం నుంచి 31 శాతానికి తగ్గినట్టు 2000లో అమెరికాలో ఒక పెద్ద పరీక్ష తేల్చింది. అప్పటికీ ఆక్సిజన్ నిలవకపోతే రోగిని బోర్లా పడుకోబెడతారు. ఒకరు తల దగ్గర నిలబడి గొట్టం జారకుండా పట్టుకుంటే, ఇటూ అటూ ఇద్దరేసి చేరి దుప్పటితో సహా మనిషిని ఒక్క ఊపున తిప్పుతారు. ఛాతీ కింద, తుంటి కింద దిండ్లు సర్దుతారు. గంటల తరబడి ఒకే చెంప మీద బరువు పడి చర్మం కమిలిపోకుండా తలను మధ్యమధ్య అటూ ఇటూ మారుస్తారు. కనీసం పదహారు గంటలు అలా ఉంచుతారు. క్షయరోగికైతే దీనికి తోడు మరో ఇబ్బంది ఉంది. మందులు ప్రధానంగా మాత్రలు. వాటిని నూరి ముక్కు గొట్టం ద్వారా కడుపులోకి పంపాలి, కానీ చావుబతుకుల మధ్య ఉన్న మనిషి పేగు వాటిని సరిగా పీల్చుకోదు, ఆ మందుల్లో మూడు కాలేయానికి హాని చేయగలవు కనుక ఒక్కోసారి మధ్యలో ఆపవలసి వస్తుంది. అసలు జబ్బు క్షయేనని తేలడానికే ఆలస్యం జరిగిన సందర్భాలు తక్కువేమీ కావు.

ఇలాంటి వేళ బంధువుల్లో పెద్దవారు వైద్యుణ్ణి అడిగే మాట తెలుగునాట తరచు ఒక్కటే: "డాక్టరుగారూ, ఆయనకి ఆయువుందంటారా?" వైద్యుడు సాచురేషన్ ఎంత ఉందో, బీపీకి మందు ఎంత పోతున్నదో చెబుతాడు. అది అడిగినదానికి జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

ప్రాణమంటే ఊపిరేనన్న భావన ఈ సంభాషణకు అడుగున ఉంది. ఇంద్రియాలన్నీ తమలో ఎవరు గొప్పో తేల్చుకోవడానికి ఒక్కొక్కటే దేహాన్ని విడిచి చూశాయనీ, చూపు పోయినా మాట పోయినా మనిషి ఏదో ఒక తీరుగా బతికాడనీ, ప్రాణం లేవబోయేసరికి మిగిలినవన్నీ నిలువలేక దాని పెద్దరికాన్ని ఒప్పుకున్నాయనీ ఛాందోగ్య, బృహదారణ్యక ఉపనిషత్తులు కథగా చెబుతాయి. అయితే ఉపనిషత్తులు అక్కడే ఆగలేదు. కఠోపనిషత్తులో యముడు నచికేతునికి చెప్పిన దాని సారం వేరు: మనిషిని బతికించేది లోపలికి పోయే గాలీ కాదు, బయటికి వచ్చే గాలీ కాదు, ఆ రెండూ మరొకదాన్ని ఆశ్రయించుకొని ఉన్నాయి. వెంటిలేటర్ పుట్టకముందు ఈ భేదం ధ్యానానికి తప్ప మరి దేనికీ అక్కరకు వచ్చేది కాదు. 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో చెలరేగినప్పుడు వందలాది వైద్య విద్యార్థులు వంతులు వేసుకొని, రోగుల గొంతులోని గొట్టానికి తగిలించిన సంచిని వారాల తరబడి చేతితో నొక్కుతూ శ్వాస అందించారు. ఊపిరి సొంతది కాకపోయినా మనిషి బతికి, ఎందరో కోలుకొని ఇళ్ళకు వెళ్ళిన తర్వాత, శ్వాసనూ జీవాన్నీ ఒకటిగా భావించడం కుదరదు. క్షయ ముదిరిన ఊపిరితిత్తి ఆ భేదాన్ని ఇంకొక వైపునుంచి చూపుతుంది: ఇక్కడ యంత్రం గాలిని లోపం లేకుండా పంపుతూనే ఉంటుంది, ఛాతీ లేస్తూ పడుతూనే ఉంటుంది, కానీ ఆ గాలి రక్తాన్ని చేరదు. బయటికి కనిపించే ఊపిరి ఉన్నా బతుకుకు కావలసినది అందడం లేదు.

కాబట్టి ఊపిరి ఉన్నంతవరకు ప్రాణముంది, యంత్రం తీయడం హత్య అనే వాదమూ, ఊపిరి యంత్రానిదే కనుక మనిషి ఎప్పుడో పోయాడనే వాదమూ రెండూ ఒకే పొరపాటు మీద నిలిచినవే. మెదడు కాండం పూర్తిగా పని మానితే దాన్ని మరణంగా గుర్తించే పద్ధతిని భారతదేశంలో 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ఒప్పుకున్నది గాని, క్షయరోగి విషయంలో అది చాలావరకు వర్తించదు. అతని మెదడు మత్తుమందు కింద ఉంది తప్ప చావలేదు. మత్తు తగ్గిస్తే కళ్ళు తెరుస్తాడు, కూతురి గొంతు గుర్తుపడతాడు. మరణమెప్పుడు జరిగిందన్న శాస్త్రచర్చ ఇక్కడ అక్కరకు రాదు. చావు తప్పనిదా, తప్పించదగినదా అన్నదే మిగులుతుంది.

ఈ ప్రశ్నకు వైద్యసంప్రదాయం వెలుపల దొరికే జవాబు కర్మ. క్షయను పాపఫలంగా లెక్కించే ఆలోచన ధర్మశాస్త్రాల్లో గట్టిగానే ఉంది; మనుస్మృతి పదకొండో అధ్యాయం ఏ పాపానికి ఏ రోగమో చెబుతూ క్షయను బ్రహ్మహత్యకు కేటాయించింది. దక్షుని ఇరవైయేడుగురు కూతుళ్ళను పెళ్ళాడి ఒక్క రోహిణి మీదే మమకారం చూపిన చంద్రుడు మామగారి కోపంవల్ల క్షీణించాడన్న కథ ఎరగనివారు తక్కువ; రాజయక్ష్మ అనే పేరుకు ఆ కథే మూలమంటారు. చరకసంహిత చికిత్సాస్థానం ఎనిమిదో అధ్యాయం కూడా ఈ కథతోనే మొదలవుతుంది. కాని అక్కడ చంద్రుడు పశ్చాత్తాపంతో ఊరుకోడు. దేవవైద్యులైన అశ్వినులు అతనికి చికిత్స చేస్తారు, అతడు కోలుకుంటాడు. ఆ వెంటనే సంహిత శాపం సంగతి పక్కన పెట్టి మనుషులకు ఈ రోగం రావడానికి నాలుగు కారణాలు చెబుతుంది: శక్తికి మించిన శ్రమ, దేహవేగాలను బిగబట్టడం, ధాతువుల క్షయం, వేళాపాళా పొందికా లేని తిండి. క్రిమి సంగతి ఆ కాలానికి తెలియదు. అయినా వలసకూలీల గదుల్లో, గనుల్లో, ఒక పూట తిని ఒక పూట మానే ఇళ్ళల్లో నేటికీ క్షయ ఎలా ముదురుతుందో గమనించినవారికి ఆ నాలుగింటిలో మొదటిదీ చివరిదీ పాతబడినట్టు అనిపించవు. పాపం ఆ జాబితాలో లేదు.

ఆయువు విషయంలో చరకుని చర్చ విమానస్థానం మూడో అధ్యాయంలో వస్తుంది. ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయే మహమ్మారులను గురించి చెబుతున్న సందర్భంలో, అందరి ఆయువూ ముందే నిర్ణయమై ఉంటుందా అని శిష్యుడైన అగ్నివేశుడు అడుగుతాడు. గురువైన ఆత్రేయుడు దైవాన్నీ పురుషకారాన్నీ, అంటే పూర్వజన్మలో చేసినదాన్నీ ఈ జన్మలో చేస్తున్నదాన్నీ, రెండింటినీ ఒప్పుకుంటాడు. కాని ఆయువు ఆ రెండింటి పొత్తులో తేలేదే తప్ప మొదటి దానిలోనే తేలిపోయినది కాదంటాడు. అంతా నిర్ణయమై ఉంటే మందులెందుకు, మంత్రాలెందుకు, పిచ్చెక్కిన ఏనుగు ఎదురైతే పక్కకు తప్పుకోవడమెందుకు అన్న ధోరణిలో ఆయన వాదం సాగుతుంది. కాలమృత్యువుకూ అకాలమృత్యువుకూ భేదం చెప్పడానికి ఆయన బండి ఇరుసును చూపుతాడు: మంచి ఇరుసు సరైన బరువుతో, సరైన దారిలో నడిస్తే అరిగి అరిగి తన కాలానికి తాను పోతుంది, అదే ఇరుసు మితిమీరిన బరువువల్లనో, గతుకుల దారివల్లనో, తోలేవాడి చేతకానితనంవల్లనో, కందెన వేయకపోవడంవల్లనో నడుమనే విరుగుతుంది. రెండు సందర్భాల్లోనూ ఇరుసు పోయినట్టే గాని, రెండో సందర్భంలో బాధ్యులున్నారు. అకాలమృత్యువన్న మాటకు ఆయుర్వేదంలో ఉన్న నైతికమైన బరువు ఇదే.

ఈ కొలతతో చూస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2023లో క్షయతో పోయిన సుమారు పన్నెండున్నర లక్షల మందిలో చాలామందిది అకాలమృత్యువే. కొత్త రోగుల్లో నాలుగో వంతుకు పైగా ఉన్న భారతదేశానికి ఇది ఇంటి సంగతి. ఝార్ఖండ్‌లో జరిగి 2023లో వెలువడిన ఒక అధ్యయనం, క్షయరోగి కుటుంబానికి సరిపడా తిండి సమకూర్చితే ఆ ఇంట్లోని మిగతావారిలో జబ్బు రావడం 39 శాతం తగ్గిందనీ, రోగి మొదటి రెండు నెలల్లో బరువు ఐదు శాతం పెరిగితే మరణభయం దాదాపు 60 శాతం తక్కువగా ఉందనీ చూపింది. ఇందులో చిత్రమేమంటే, 1959లో మద్రాసు నుంచి వెలువడిన ప్రసిద్ధ పరిశోధన ఇంటి దగ్గర పేదతిండి తింటూ మందులు మింగినవారు కూడా శానిటోరియంలో మంచి తిండి తిన్నవారిలాగే కోలుకున్నారని చెప్పడంతో, తిండి అంత ముఖ్యం కాదన్న అభిప్రాయం దశాబ్దాలపాటు స్థిరపడిపోయింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో శానిటోరియం వెలసిన రోజుల్లో మందే లేదు. తిండి, విశ్రాంతి, గాలి తప్ప వైద్యుల చేతిలో పెద్దగా ఏమీ లేవు. మందు వచ్చాక మొదటిదాన్ని మరిచారు. ఆ మరపుకు మద్రాసు పరిశోధకులను తప్పుపట్టడం న్యాయం కాదు. వారు చెప్పింది మందు బలం గురించి, దాన్ని ఆకలి గురించిన తీర్పుగా చదువుకున్నది తర్వాతివారు.

చరకుడే మరొక చోట, రాజయక్ష్మ లక్షణాలన్నీ కనిపిస్తున్నా బలమూ మాంసమూ తరగని రోగికి చికిత్స చేయవచ్చుననీ, అవి తరిగిపోయినవాడు లక్షణాలు కొన్నే ఉన్నా చేయిదాటినవాడనీ చెబుతాడు. తమిళనాడు ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన పద్ధతి దీనికి ఆశ్చర్యకరంగా దగ్గరగా ఉంది: క్షయ అని తేలిన రోజునే రోగి బరువు చూస్తారు, కాళ్ళవాపు చూస్తారు, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో లెక్కిస్తారు, వేలికి చిన్న పరికరం తగిలించి ఆక్సిజన్ చూస్తారు, ఆసరా లేకుండా నిలబడగలడా అని నిలబెట్టి చూస్తారు. నిలబడలేనివాణ్ణి ఇంటికి పంపరు, ఆస్పత్రిలో చేర్చుకుంటారు. చరకుడు వదిలేయమన్న రోగిని ఈ పద్ధతి ముందుగా పట్టుకోమంటున్నది. రెండు వేల ఏళ్ళలో మారింది రోగుల్ని గుర్తించే కన్ను కాదు, గుర్తించాక చేయగలిగే పని.

వదిలేయడమన్న మాట వచ్చింది కనుక ఆ వైపు కూడా చూడాలి. చరకసంహిత సూత్రస్థానం పదో అధ్యాయంలో మైత్రేయుడు ఆత్రేయుణ్ణి నిలదీస్తాడు: అన్ని వసతులూ ఉండి, మంచి వైద్యుడు చూసినా కొందరు చనిపోతున్నారు, ఏ వసతీ లేకుండా కొందరు బతుకుతున్నారు, కనుక వైద్యం చేసినా మానినా ఒక్కటే కదా. ఇంటెన్సివ్ కేర్ వరండాలో ఇప్పటికీ వినిపించే వాదమిది. ఆత్రేయుడు రోగాలను సులువుగా నయమయ్యేవి, కష్టం మీద నయమయ్యేవి, నయం కాకున్నా వైద్యంతో నెట్టుకురాగలిగేవి, చేయి పెట్టకూడనివి అని విడగొట్టి జవాబిస్తాడు. చివరి తరగతి రోగికి చికిత్స తలపెట్టిన వైద్యుడు ధనాన్నీ, విద్యనూ, కీర్తినీ పోగొట్టుకుంటాడని ఆయన హెచ్చరిక. వైద్యుడి కీర్తి లెక్కలోకి రావడం ఆధునిక చెవికి కటువుగా వినిపించవచ్చు గాని, ఫలితం లేని చికిత్సను మానడం కూడా వైద్యంలో భాగమేనన్న గుర్తింపు అందులో ఉంది. మంచం మీద చూస్తే ఒకేలా కనిపించే ఇద్దరు క్షయరోగులు ఈ విభజనలో వేర్వేరు చోట్ల పడతారు. జబ్బు నిన్నగాక మొన్న బయటపడి, ఇంకా మందు పూర్తిగా ఒంటబట్టని మిలియరీ క్షయరోగి ఆక్సిజన్ ఎంత పడిపోయినా రెండో తరగతివాడు. అతని ఊపిరితిత్తి వాచింది గాని నాశనం కాలేదు, వాపు తీసేదాకా నిలబెడితే ఇంటికి నడిచి వెళ్ళవచ్చు. రెండు ఊపిరితిత్తులూ గుల్లలై, మందులకు లొంగని క్రిమితో, ఎముకల గూడుగా చేరిన రోగి నాలుగో తరగతికి చెందవచ్చు. మానిటర్ మీది అంకెలు ఈ ఇద్దరినీ విడదీయవు.

ఇతర మతసంప్రదాయాలు ఇదే గీత కోసం వేరే దారుల్లో వెతికాయి. 1957 నవంబరులో పోప్ పన్నెండో పయస్ మత్తువైద్యుల సభలో మాట్లాడుతూ, ప్రాణాన్ని కాపాడుకోవడానికి సాధారణ ఉపాయాలు వాడడం విధి అనీ, రోగికీ ఇతరులకూ మోయలేని భారమయ్యే అసాధారణ ఉపాయాలు వాడడం విధి కాదనీ, ఏది ఏదో దేశకాలపరిస్థితులనుబట్టి మారుతుందనీ చెప్పారు. పదహారో శతాబ్దపు యూదు ధర్మవేత్త మోషె ఇస్సెర్లెస్, ప్రాణం పోతున్నవాడి చావును తొందరపెట్టడానికీ, ప్రాణం పోకుండా అడ్డుపడుతున్న దాన్ని, ఉదాహరణకు ఇంటి పక్కన కట్టెలు కొట్టే చప్పుడును, తొలగించడానికీ మధ్య భేదం చూశాడు. ఈ భేదాలు సూక్ష్మమైనవే. కాని క్షయ వీటిని తలకిందులు చేస్తుంది. ఇక్కడ సాధారణ ఉపాయాలు, అంటే ఉచితంగా దొరికే మాత్రలు, పప్పూ గుడ్డూ, నెల ముందే చేసే కళ్ళె పరీక్ష, అందవలసిన వేళ అందక, అసాధారణ ఉపాయమైన యంత్రం ముందుగా అందుతుంది. ఆ క్రమంలో వచ్చిన రోగి దగ్గర నిలబడి, అసాధారణమైనది మానవచ్చు అని ధర్మసూక్ష్మం చెప్పడం తర్కానికి సరిపోవచ్చు, మనసుకు సరిపోదు.

భారత న్యాయస్థానాలు ఈ విషయంలో నెమ్మదిగానే కదిలాయి. కండరాల క్షీణతతో హైదరాబాద్ ఆస్పత్రిలో యంత్రం మీద ఉన్న ఒక యువకుడు, అవయవాలు దానం చేయడానికి వీలుగా తనను పోనివ్వమని చేసుకున్న విన్నపాన్ని 2004 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అంగీకరించలేదు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు గౌరవంగా మరణించడం జీవించే హక్కులో భాగమేనని తీర్పు చెప్పి, ముందస్తు వీలునామాకూ, ఫలించని చికిత్సను ఆపడానికీ దారి చూపింది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభతరం చేసి, వైద్యుల బృందాలు రెండు అంచెల్లో పరిశీలించాలన్నది. అయితే వాడుకలో ఎక్కువగా జరిగేది వేరు. డబ్బు అయిపోయినప్పుడు బంధువులు సంతకం పెట్టి రోగిని తీసుకుపోతారు. అంబులెన్సులో ఒకరు గాలిసంచి నొక్కుతుండగా ఊరు చేర్చి, గొట్టం తీసి, తులసి తీర్థం పోస్తారు. సొంత ఇంటి కప్పు కింద ప్రాణం పోవాలన్న కోరికలో తప్పేమీ లేదు, నాలుగో తరగతి రోగికి అంతకంటె మంచి మరణం ఆస్పత్రి ఇవ్వలేదు కూడా. రెండో తరగతి రోగి విషయంలో అదే పని జరిగి, దానికి "రుణం తీరిపోయింది" అన్న పేరు పెట్టినప్పుడు వేదాంతం అప్పులవాడికి ముసుగవుతుంది. వైరాగ్యం ఎవరిది వారు పొందవలసినది; మత్తులో ఉన్నవాడి తరఫున మరొకరు పొందే వైరాగ్యం ఏ శాస్త్రంలోనూ లేదు.

ఈ రెండు తరగతుల్లో ఎవరెక్కడో మొదటి రోజున తేల్చడం చాలాసార్లు అనుభవజ్ఞులకూ సాధ్యం కాదు. అందుకే కొందరు వైద్యులు గడువు పెట్టుకొని చికిత్స చేస్తారు: ఇన్ని రోజులు పూర్తిస్థాయిలో ప్రయత్నిద్దాం, ఈ లోపు మందు పనిచేస్తున్న గుర్తులు కనబడకపోతే మళ్ళీ కూర్చుని మాట్లాడుకుందాం అని బంధువులతో ముందే చెబుతారు. దైవమూ పురుషకారమూ కలిసి తేల్చవలసినదాన్ని ఏ ఒక్కదానికీ ముందుగా ఒప్పజెప్పకుండా ఉండడానికి ఇంతకంటె నిజాయితీ గల పద్ధతి ఇంకా దొరకలేదు. మంచాలు తక్కువైన చోట ఆ గడువు పక్క రోగి అవసరాన్నిబట్టి కుదించుకుపోతుందన్నది మాత్రం దాచిపెట్టదగినది కాదు. 1947లో బ్రిటన్‌లో స్ట్రెప్టోమైసిన్ అందరికీ సరిపోనప్పుడు ఎవరికి ఇవ్వాలో చీట్ల పద్ధతిన నిర్ణయించారు. మందు దొరికిన 55 మందిలో ఆరు నెలల్లో నలుగురు, దొరకని 52 మందిలో పద్నాలుగురు పోయారు. ఆ చీటీని విధి అని ఎవరూ అనలేదు, మందు కొరత అన్నారు.

కర్మవాదం చేసే అసలు హాని రోగి పోయిన తర్వాత కనబడుతుంది. క్షయను పాపఫలంగా నమ్మే ఇల్లు జబ్బు పేరు బయటపెట్టదు. "ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది" అని చెప్పుకుంటుంది, పెళ్ళికావలసిన పిల్లలున్న ఇల్లైతే మరీనూ. కర్మకాండలకు వచ్చినవారు అదే గదిలో పడుకుంటారు. ఆరోగ్య కార్యకర్త వచ్చి ఇంట్లోవారందరికీ పరీక్ష చేయాలనీ, జబ్బు లేనివారు కూడా వారానికొకసారి చొప్పున పన్నెండు వారాలు ముందుజాగ్రత్త మాత్రలు మింగితే మేలనీ చెబితే, గుమ్మంలోనే "మా ఇంట్లో ఆ జబ్బు ఎవరికీ లేదండీ" అన్న జవాబు వస్తుంది. ఆ ఇంట్లో మరొకరి ఒంట్లో క్రిమి అప్పటికే చేరి ఉండవచ్చు. అది బయటపడడానికి నెలలూ పట్టవచ్చు, ఏళ్ళూ పట్టవచ్చు, ఆ వ్యవధి అంతా పురుషకారానికి దక్కిన సమయమే.